ఏడో ట్యూబు

షాహిస్తా గాజుపలకలు కడుగుతోంది. సోడా నీళ్లలో నానిన పలకను అంచులు పట్టుకుని తీసి, మెత్తని గుడ్డతో రుద్ది, మొదట ట్యాంకరు నీళ్లలో, ఆ తర్వాత డిస్టిల్డ్ వాటర్‌లో ముంచి, కిటికీ గూట్లో పరిచిన తెల్లగుడ్డ మీద వాలుగా నిలబెడుతోంది. ఒక్కో పలక మీద పన్నెండు తెల్లని రింగులున్నాయి. రింగు లోపల సోడా మరక వెంట్రుకంత మిగిలినా పరీక్ష చెడుతుంది. అందుకే కడిగిన ప్రతి పలకనూ వెలుతురుకెత్తి, ఒక కన్ను మూసి చూస్తోంది.

“ఏం పాపా, అద్దంలో మొగం చూసుకుంటాండావా?” అన్నాడు కాంపౌండర్ పుల్లన్న, ఎదురుగా మందుల గది తాళం తీస్తూ.

“మొగం కాదన్నా, మరక.”

“మరక లేని మొగం యాడుండాది ఈ లోకంలో? ఉంటే నాకూ ఒకసారి చూపియ్యి.”

షాహిస్తా నవ్వి ఇంకో పలక తీసింది. ఆమెకు తొందరగా ఉంది. ఎండ ముదిరి గది వేడెక్కితే ఈ పరీక్ష సరిగా రాదు. తొమ్మిదిలోపల ముగించాలి. కరెంటు ఆరింటికే పోయింది. స్టవ్ మీద గిన్నెలో నీళ్లు, నీళ్లలో పది చిన్న ట్యూబులు, వాటి మధ్య ఒక థర్మామీటరు. యాభై ఆరు డిగ్రీలు దాటితే స్టవ్ తగ్గించాలి, దిగితే పెంచాలి. అట్లా అరగంట. చేతులు పలకల మీద ఉన్నా కళ్లు థర్మామీటరు మీదనే ఉన్నాయి.

ఆ పది ట్యూబులూ ముందురోజు, సోమవారం, తెల్లరాళ్లపల్లెలో జరిగిన గర్భిణుల క్యాంపు నుంచి వచ్చాయి. ఆ ఊరి నర్సు ట్రైనింగుకు పోవడంతో పక్క మండలం నుంచి వచ్చిన కొత్తామె ఎవరో చుట్టుపక్కల మూడు ఊర్ల ఆడవాళ్ల దగ్గర రక్తం తీసి, ట్యూబులకు ప్లాస్టరు చుట్టి, దాని మీద పేర్లు రాసి, ఐసుడబ్బాలో పెట్టి, వాళ్ల గర్భిణి కార్డులతో పాటు సాయంత్రం బస్సుకు పంపింది. షాహిస్తా రాత్రి ఇంటికి పోకముందే పదింటికీ బ్లడ్ గ్రూపు చూసి రిజిస్టరులో రాసుకుంది. ఇప్పుడు మిగిలింది వి.డి.ఆర్.ఎల్. పరీక్ష. ఊర్లలో సవాయి అని చెవిలో చెప్పుకునే రోగం నెత్తురులో ఉందో లేదో చెప్పే పరీక్ష అది.

ఈ పరీక్ష ఈ ఆరోగ్య కేంద్రంలో మొదలై రెండు నెలలైంది. ఇప్పటికి నూటపద్నాలుగు మందికి చేసింది. నూటపద్నాలుగు సార్లూ ఒకే మాట రాసింది, నాన్ రియాక్టివ్ అని. అనంతపురంలో ట్రైనింగప్పుడు ఎవరి భుజం మీది నుంచో ఒక్కసారి చూసింది తప్ప, రియాక్టివ్ ఎట్లుంటుందో ఆమె తన కంటితో, తన చేతిపనిలో ఇంతవరకూ చూడలేదు. ఎవరికీ రాకూడదనే కోరుకోవాలి. కోరుకునేది కూడా. అయినా పొద్దున్నే మైక్రోస్కోపు ముందు కూర్చున్నప్పుడల్లా లోపల ఎక్కడో ఒక చిన్న ఆశ తల ఎత్తేది. ఆ ఆశకు సిగ్గుపడి, మళ్లీ తలవంచి పనిలో పడేది.

రక్తం మీది తేటను రింగుకొక బొట్టు వేసింది. దాని పక్కన సన్నని సూదితో పరీక్ష మందు బొట్టు. పలకను తిప్పే మిషను కరెంటు లేక పడుకుని ఉంది. టేబుల్ మీద పలకను అరచేత్తో పట్టి, గోడ గడియారం చూస్తూ, తిరగలి తిప్పినట్టు గుండ్రంగా తిప్పసాగింది. నాలుగు నిమిషాలు. వేగం తగ్గకూడదు, బొట్టు రింగు దాటకూడదు. మూడో నిమిషానికి మణికట్టు లాగింది. పళ్లు బిగించి ఇంకో నిమిషం తిప్పి, పలకను మైక్రోస్కోపు కింద పెట్టి, అద్దాన్ని ఎండ వైపు తిప్పింది.

ఒకటో రింగు. సన్నని నలుసులు, ఒకదానికొకటి అంటకుండా, చల్లిన రాగిపిండిలా సమానంగా. రెండు అంతే. మూడు అంతే. ఆరు దాకా అంతే.

ఏడో రింగు.

షాహిస్తా కన్ను తీసి, కొంగుతో తుడుచుకుని, మళ్లీ పెట్టింది. నలుసులు లేవు. గుంపులున్నాయి. విరిగిన పాలలా ముద్దలు ముద్దలుగా కూడి, మధ్యలో నీళ్లు తేటగా కనపడుతున్నాయి. ఎనిమిదో రింగుకు జరిపింది. మామూలే. మళ్లీ ఏడుకు వచ్చింది. గుంపులు అట్లాగే ఉన్నాయి.

మరకేమోనని ఇంకో కొత్త పలక తీసుకుని మళ్లీ చేసింది. మళ్లీ గుంపులే. ఉప్పునీళ్లు కలిపి సగానికి పలచన చేసింది. ఉన్నాయి. నాలుగో వంతుకు, ఎనిమిదో వంతుకు పలచన చేసింది. ఉన్నాయి! పదహారో వంతుకు గానీ విడిపోలేదు. ఏడో ట్యూబు మీది ప్లాస్టరు చదివింది. మౌనిక, భర్త సందీప్, తెల్లరాళ్లపల్లె.

ఎట్లా లేచిందో, తలుపు ఎట్లా తీసిందో ఆమెకు తెలియదు. వరండాలో ఓ.పి. కోసం కూర్చున్న ముప్పై మంది మధ్య నుంచి డాక్టరు గది వైపు పరుగెత్తింది.

“మేడమ్! వచ్చింది మేడమ్! రియాక్టివ్! తెల్లరాళ్లపల్లె మౌనిక! ఎనిమిది దాకా ఉండాది మేడమ్!”

డాక్టర్ పద్మప్రియ ఒక ముసలాయన వీపు మీద స్టెతస్కోపు పెట్టి ఉంది. దాన్ని మెల్లగా చెవుల్లోంచి తీసింది. ఆమె చూపు షాహిస్తాను దాటి వరండాలోకి పోయింది. వరండాలో మాటలన్నీ ఒక్కసారిగా ఆగిపోయి ఉన్నాయి.

“లోపలికొచ్చి తలుపెయ్యి,” అంది డాక్టరు.

ముసలాయనను పంపేసి, షాహిస్తా వెంట ల్యాబులోకి వచ్చి, మైక్రోస్కోపులో చాలాసేపు చూసింది. తల ఎత్తేసరికి ఆమె కళ్లు కూడా మెరుస్తున్నాయి.

“చాలా శుభ్రంగా చేశావు. ఐదో నెల అని రాసుంది చూడు కార్డులో. ఇప్పుడే పెనిసిలిన్ సూది వేస్తే కడుపులో బిడ్డ దక్కుతుంది. దీనికోసమే కదా ఈ తిప్పలన్నీ. ఆ అమ్మాయిని రేపు పిలిపిద్దాం.” తలుపు దగ్గర ఆగి, గొంతు తగ్గించింది. “కానీ ఇంకెప్పుడూ పేరు పెట్టి అట్లా అరవకు.”

షాహిస్తా తల ఊపింది. ఆ పూట ఆమెకు ఆ మాట చెవికెక్కింది గానీ మనసుకెక్కలేదు. ఒక బిడ్డ బతుకుతుంది, తను తిప్పిన పలక వల్ల బతుకుతుంది. ఆ సంతోషంలో మధ్యాహ్నం సద్ది కూడా సగమే తిన్నది. రోడ్డవతల టీ బంకు ముందు పుల్లన్న గ్లాసు పట్టుకుని నలుగురి మధ్య నిలబడి ఏదో చెప్పడం, వాళ్లు ముక్కున వేలేసుకోవడం కిటికీలోంచి కనపడింది. ఏం చెబుతున్నాడో అని కూడా ఆమె అనుకోలేదు.

బుధవారం పదింటికి ఆరోగ్య కేంద్రం ముందు జీపు ఆగింది. ఇస్త్రీ నలగని తెల్లబట్టలతో గంగాధరప్ప దిగాడు. తెల్లరాళ్లపల్లెకు రెండుసార్లు సర్పంచిగా చేసినాయన. మెట్ల మీద జనం తమంతట తామే పక్కకు జరిగారు. ఆయన వెనక భార్య కదిరమ్మ, ఆమె వెనక కొంగు కప్పుకున్న కోడలు మౌనిక.

“ఏం డాక్టరమ్మా, మా కోడలికి సవాయంట గదా. ఊరంతా చెప్పుకుంటాండారు. ఇంట్లోవాళ్లకు చెప్పేది ల్యాదా?”

డాక్టరు ముఖం ఎర్రబడింది. “మీకెవరు చెప్పారు?”

“ఎవరు చెప్తే ఏముండాది? మీ కాంపౌండరు టీ బంకుకాడ చెప్పినాడు. వాడేం కల గన్నాడా? ఈ పిల్లనే గదా కేకలేసి చెప్పినాది?” ల్యాబు గుమ్మంలో ఉన్న షాహిస్తా వైపు గడ్డం ఎత్తాడు. “ఒక కాగితం రాసియ్యి. దాన్ని తీసుకొనిపోయి తనకల్లులో వాళ్ల నాయన మొగాన కొట్టి, పిల్లను ఆడనే దింపి వస్తా.”

“కాగితం రాయను. మళ్లీ రక్తం తీసి చూస్తాం. రోగముంటే వైద్యముంది. అయినా వైద్యం ఆ అమ్మాయికొక్కదానికే కాదు, భార్యాభర్తలిద్దరికీ చెయ్యాలి.”

“మావానికెందుకు? మావాడు నిప్పు.” ఆయన నవ్వాడు. “మా ఇంట్లో మూడు తరాల్నుంచి ఇట్లాంటి మాట పుట్టలేదమ్మా. వచ్చిందంటే బయట్నుంచి వచ్చినదాని ఒంట్లోనే వచ్చింది.”

నిన్న అరిచిన అరుపు ఇప్పుడు షాహిస్తాకు మళ్లీ వినపడింది, తన గొంతే పరాయిదానిలా. పుల్లన్న మందుల గది తలుపు లోపలి నుంచి గడియ పెట్టుకున్నాడు.

ల్యాబులో మౌనిక స్టూలు మీద కూర్చుని చెయ్యి చాపింది. పంతొమ్మిదేళ్లుంటాయేమో. కళ్లు ఉబ్బి ఉన్నాయి గానీ ఏడవడం లేదు. షాహిస్తా రబ్బరు పట్టీ బిగించి, నరం తడిమింది.

“నొప్పేమీ ఉండదు. మొన్న గూడా తీసినారు గదా. అప్పుడు కండ్లు తిరిగినాయా?”

మౌనిక అత్త వైపు చూసింది.

“దానికి మూడు దినాల్నుంచి నీళ్లు గూడా నిలబడలేదమ్మా. వాంతులు,” అంది కదిరమ్మ.

షాహిస్తా సూది గుచ్చింది. ట్యూబులోకి నెత్తురు నల్లగా ఎక్కింది. దూది అదిమి చెయ్యి మడిచి పంపబోతే, కదిరమ్మ కదల్లేదు. నలభై దాటిన మనిషి. చీర కొంగు చివరను వేలికి చుట్టి, విప్పి, మళ్లీ చుడుతోంది.

“ఏం పాపా, ఈ రోగముంటే కడుపులో బిడ్డ పోతాదా?”

“పోవచ్చమ్మా. ఏడో నెల్లోనో ఎనిమిదో నెల్లోనో.”

“ఒకటేనా? రెండోదీ పోతాదా?”

“సూది వెయ్యకుంటే రెండోదీ పోవచ్చు. కొన్నేండ్లకు రోగం లోపల అణిగిపోతే, ఆ తర్వాత పుట్టినోళ్లు బాగుండచ్చు. సూది వేస్తే మొదటిదే దక్కుతాది.”

“మొదటిదే,” అంది కదిరమ్మ. వేలికి చుట్టిన కొంగు అట్లాగే ఉండిపోయింది. “పైకి తెలీదా, ఒంట్లో ఉండేది?”

“ఏండ్లకేండ్లు తెలీదమ్మా. నెత్తురు చూస్తేనే తెలిసేది.”

బయటి నుంచి గంగాధరప్ప కేక వినపడింది, “ఏమే, ఆడనే కాపురం పెడతాండావా?” ఇద్దరూ గబగబా వెళ్లిపోయారు. అత్త ముందు నడుస్తూ వెనక్కి చెయ్యి చాపింది. కోడలు ఆ చెయ్యి పట్టుకుని మెట్లు దిగింది. షాహిస్తా అది చూసింది. ఇంట్లోంచి వెళ్లగొట్టబోయే కోడలి చెయ్యి ఏ అత్త అట్లా పట్టుకుంటుంది?

అప్పటికి కరెంటు వచ్చింది. కిటికీలకు తడిగుడ్డలు కట్టి గదిని చల్లబరిచింది. తేట తీసి, వేడి చేసి, మిషను మీద పలక పెట్టింది. నాలుగు నిమిషాలూ కుర్చీలో కూర్చోలేకపోయింది. పలకను మైక్రోస్కోపు కింద పెట్టి చూసింది.

రాగిపిండి చల్లినట్టు, సన్నగా, సమానంగా.

అరుపు నోటిదాకా వచ్చింది. రెండు అరచేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది.

లేదు! ఏమీ లేదు! అయితే నిన్నటిది? ముందు తనను తానే అనుమానించింది. మందు చెడిందేమోనని, అనంతపురం నుంచి ఇచ్చిన రోగమున్న రక్తం తేటతో చేసి చూసింది. గుంపులు సరిగ్గానే వచ్చాయి. మందు మంచిదే. ఫ్రిజ్‌లోంచి సోమవారం నాటి ఏడో ట్యూబు తీసి మళ్లీ చేసింది. గుంపులు. కొత్త రక్తంతో ఇంకోసారి. నలుసులు. ఇది ఒకటి, అది ఇంకొకటి. రెండు రోజుల్లో ఏ రోగం తనంతట తాను మాయమవుతుంది?

చేతిలో రెండు ట్యూబులు పట్టుకుని నిలబడింది. రెండింటి మీదా ఒకటే పేరు. కొత్తదాని మీద తన రాత, పాతదాని మీద ఆ క్యాంపు ఆమె రాత. ప్లాస్టరు ఊడలేదు, మార్చిన గుర్తు లేదు. రిజిస్టరు తిప్పింది. ఏడు, మౌనిక, ఓ పాజిటివ్. ఆ వరుస మీద వేలు ఆగిపోయింది.

గ్రూపు చూసే సీసాలు ఫ్రిజ్ పై అరలో ఉన్నాయి. ఏ గ్రూపుకు నీలం, బి గ్రూపుకు పసుపు. తెల్ల పలక మీద కొత్త రక్తం రెండు బొట్లు వేసి, ఒకదానిలో నీలం, ఒకదానిలో పసుపు కలిపి, అగ్గిపుల్లలతో తిప్పింది. నీలం బొట్టు ఎర్రగా అట్లాగే ఉంది. పసుపు బొట్టు చూస్తుండగానే పగిలి, ఇటుకపొడిలా రేణువులు రేణువులైంది. బి గ్రూపు. పాత రక్తం రెండు బొట్లలోనూ ఏ మార్పూ లేదు. ఓ గ్రూపు.

ఒక మనిషికి రెండు గ్రూపులుండవు. దేవుడు ఆ ఒక్క విషయంలో మాట తప్పడు.

ఈసారి షాహిస్తా వరండాలో పరుగెత్తలేదు. కాళ్లను అదుపులో పెట్టుకుని నడిచి, డాక్టరు గదిలోకి పోయి, తలుపేసి, గడియ పెట్టి, అప్పుడు చెప్పింది. “మేడమ్, సోమవారంది ఆ పిల్ల రక్తమే కాదు.”

డాక్టరు అన్నీ రెండుసార్లు విన్నది. “క్యాంపులో పేర్లు తారుమారైనట్టున్నాయి. రోగమున్న మనిషి ఇంకెవరో ఉన్నారు, వాళ్లకూ సూది పడాలి. మిగతా తొమ్మిది మందినీ మళ్లీ చూడాలి.” కుర్చీలో వెనక్కి వాలింది. “గంగాధరప్పను పిలిపించు.”

అటెండరు పోయి తిరిగొచ్చాడు. జీపు ఎప్పుడో పోయింది. రేపు పొద్దున ఎనిమిదింటికి కోడలిని తనకల్లుకు పంపుతామని ఆయన బంకుకాడ అందరికీ చెప్పి మరీ పోయాడు.

“రేపు నాకు అనంతపురంలో మీటింగు,” అంది డాక్టరు. షాహిస్తా వైపే చూస్తోంది. “ఆ అమ్మాయి పేరు నీ నోటితో బయటపడింది. నీ నోటితోనే వెనక్కి తేవాలి. సిరంజిలు, ట్యూబులు పెట్టుకుని పో. ఆ ఊరి గర్భిణుల దగ్గర మళ్లీ రక్తం తీసుకునిరా.”

గురువారం మొదటి బస్సు దిగి, షాహిస్తా ఐసుడబ్బా చంకన పెట్టుకుని రెండు మైళ్లు నడిచింది. వాన లేక దున్నిన చేలు దున్నినట్టే పడి ఉన్నాయి. అయినా ఆమెకు కాళ్లు నొప్పి తెలియలేదు. మౌనికలో ఏమీ లేదు, మౌనికలో ఏమీ లేదు అని నడకకు తగినట్టు మనసులో మాట ఆడుతోంది. ఆ ఒక్క మాట చెబితే చాలు, ఆ ఇంట్లో అందరూ పండగ చేసుకుంటారనే అనుకుంది.

గంగాధరప్ప ఇంటి ముందు జీపు నిలబడి ఉంది. సందీప్ తండ్రి లాగే పొడుగాటి మనిషి. జీపు వెనక ఒక సూట్‌కేసు, ఒక సంచి పెట్టి తాడు కడుతున్నాడు. ముడి వేస్తాడు, విప్పుతాడు, మళ్లీ వేస్తాడు. షాహిస్తాను చూసి తల వంచుకున్నాడు.

లోపల నడవలో మంచం మీద గంగాధరప్ప కూర్చుని కాఫీ తాగుతున్నాడు. గోడవార కదిరమ్మ ముందర చేటనిండా విత్తనం వేరుశనగ కాయలు. ఒక్కో కాయను బొటనవేలితో చిట్లించి, గింజలు గిన్నెలో, పొట్టు ఒడిలో వేస్తోంది. ఆమె పక్కనే మౌనిక ప్రయాణపు చీర కట్టుకుని, ఆ చేటలో కాయలే వలుస్తోంది. జీపు ఎక్కబోయే పిల్ల ఆ ఇంటి విత్తనం వలుస్తోంది.

“ఏం పాపా, కాగితం తెచ్చినావా?” అన్నాడు గంగాధరప్ప.

“కాగితం కాదు మామా, మంచిమాట తెచ్చినా.” షాహిస్తాకు ఆయాసంతో మాటలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. “మౌనికకు ఏ రోగమూ లేదు! నిన్న తీసిన రక్తంలో ఏమీ లేదు. రెండుమాట్లు చూసినా. సోమవారం సీసాలో ఉండేది ఆమె రక్తమే కాదు. గ్రూపే వేరే. నేను ఆ పొద్దు అట్ల అరిచింది తప్పు. ఆ తప్పు ఒప్పుకునేదానికే వచ్చినా. నన్ను ఏమన్నా అనండి.”

ఆమె ఎదురుచూసిన పండగ రాలేదు. కాయలు చిట్లే శబ్దం మాత్రం ఆగింది.

గంగాధరప్ప గ్లాసు కింద పెట్టాడు. “రెండు దినాల్లో రోగం ఎగిరిపోయిందా? బాగుండాది. ఆ పిల్ల నీ కాళ్లు పట్టుకొని ఏడ్చినాదేమో.”

“అల్లాతోడు మామా, ఆమె నాతో నాలుగు మాటలు గూడా మాట్లాడలేదు.”

“సరే, ఆమెది కాదు. మరి ఎవరిది? మా ఊర్లో కడుపుతో ఉండే ఆడోళ్లు నలుగురే. పేరు చెప్పు. ఇప్పుడే పిలిపిస్తా. ఆ నెత్తురు ఎవరిదో ఈడ తేలిందంటే కోడల్ని ఉంచుకుంటా. లేకుంటే జీపెక్కాల్సిందే. ఎవరిదో నెత్తురు మా ఇంటి పేరు మీద ఎట్లొస్తాది పాపా? నేను చదువుకోలేదుగానీ పిచ్చోణ్ణి కాదు.”

షాహిస్తా తెచ్చినదల్లా సగం నిజం. మిగతా సగం ఎక్కడుందో తెలియదు. తెలిసినా ఇంకో ఆడమనిషి పేరు ఇంకోసారి నోట అనగలదా? నిస్సహాయంగా ఆడవాళ్లిద్దరి వైపు చూసింది.

మౌనిక ఒళ్లోని పొట్టు దులిపి లేచింది. “వదిలెయ్ అక్కా. నేను పోతాలే. నాదేనని రాసుకోండి.”

ఆ మాట విని షాహిస్తా ఉలిక్కిపడింది. తనలో రోగం లేదని తెలిసి కూడా, ఉందని ఎవరైనా ఒప్పుకుంటారా? ఆ పిల్ల ముఖంలో భయం లేదు. ఏదో బరువు కింద పడకుండా పట్టుకున్నట్టు పెదవులు బిగించి ఉంది. చూపు పొరపాటున కూడా అత్త వైపు పోవడం లేదు.

ల్యాబులో వేసిన ప్రశ్నలన్నీ షాహిస్తా చెవుల్లో మళ్లీ మోగాయి. ఒకటేనా, రెండోదీ పోతాదా. పైకి తెలీదా. కోడలిది మొదటి కడుపు. రెండో బిడ్డ మాట కదిరమ్మ ఎవరి కోసం అడిగింది? ఒక్కసారిగా అంతా తేటపడింది, మైక్రోస్కోపులో గుంపుల మధ్య నీళ్లు తేటపడినట్టు. నాలుక చివరిదాకా వచ్చిన మాటను బలవంతాన మింగింది. ఈసారి చెప్పవలసింది తను కాదు.

“ఇంక బయలుదేరండి,” అన్నాడు గంగాధరప్ప. “పొద్దెక్కుతాండాది.”

మౌనిక వంగి అత్త కాళ్లకు మొక్కబోయింది. కదిరమ్మ ఆ పిల్ల భుజం పట్టుకుని ఆపింది. ఒడిలోని పొట్టంతా చేటలోకి దులిపి, నిదానంగా లేచి, నడవ మధ్యకొచ్చి, షాహిస్తా ముందు నేలమీద బాసీపట్టు వేసుకుని కూర్చుంది. ఎడమచేతి గాజులను మోచేతిదాకా తోసి, ఆ చెయ్యి చాపింది.

“ఆ పొద్దు ఇచ్చిందీ ఈ చెయ్యే. మళ్లీ తియ్యి పాపా.”

షాహిస్తా డబ్బా దించి సిరంజి తీసింది.

“పిల్ల గంజి గూడా నిలుపుకోల్యాకపోయె,” అంది కదిరమ్మ, షాహిస్తాతోనే, ఆ ఇంట్లో ఇంకెవరూ లేనట్టు. “దాని ఒంట్లో తీసేదానికి నెత్తురు యాడుండాది అనుకొని, కార్డు తీసుకొని నేనే పోయి కూచుంటి. ఆ సూదమ్మ కొత్తది. చెయ్యి చూసిందే గానీ మొగం చూడలేదు. నెత్తురు బలముందా లేదా చూస్తారేమో, అంతే గదా అనుకొంటి. ఎవరిదైతే ఏమి, ఒక ఇంటి నెత్తురే గదా అనుకొంటి. ఇంత చూస్తారని నాకేం తెలుసు? ఈ పిల్లకు అంతా తెలుసు. మూడు దినాల్నుంచి నన్ను కడుపులో పెట్టుకొని మోస్తాండాది.”

“అత్తా,” అంది మౌనిక.

“నువ్వూరుకో. నేను నిన్ననే చెప్పాల్సింది, చెప్పలేకపోతి.” కదిరమ్మ కళ్లు షాహిస్తా చేతిలోని సూది మీదనే ఉన్నాయి. “మా సందీప్ పుట్టకముందు నాకు ఇద్దరు పోయినారు పాపా. ఒకడు ఏడో నెల్లో, ఒకతి ఎనిమిదో నెల్లో. నా కడుపు మంచిది కాదన్నారు. నేనూ అట్లే అనుకొంటి. పదైదేండ్లకు ఈ ఇంటికొచ్చినా, ఈ గడప దాటి నేను ఎరిగింది చేను, బావి. అంతే.”

గుమ్మంలో సందీప్ తాడు కొస చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో ఎవరూ చూడలేదు. తల్లిని చూశాడు. తర్వాత తండ్రిని చూశాడు. చేతిలోని తాడును వదిలేశాడు.

షాహిస్తా రబ్బరు పట్టీ బిగించింది. ఎండకూ పనికీ రాటుదేలిన చెయ్యి అది. నరం తాడులా లేచింది. సూది గుచ్చితే కదిరమ్మ రెప్ప కూడా వెయ్యలేదు. నెత్తురు ట్యూబులోకి ఎక్కుతుంటే, ఇన్నేళ్లూ తనకు కనపడనిదేదో చూస్తున్నట్టు వంగి చూసింది.

“దీనికి సూది ఉండాది గదా పాపా?”

“ఉండాదమ్మా. ఉండాది! వారానికొకటి, మూడు వారాలు. రేపే రా.”

“వస్తా,” అంది కదిరమ్మ.

ప్లాస్టరు చింపి ట్యూబుకు చుట్టి, షాహిస్తా పెద్ద అక్షరాలతో కదిరమ్మ అని రాసింది. రాసినదాన్ని రెండుసార్లు చదువుకుని, డబ్బాలో ఐసు మధ్య నిలబెట్టింది. తర్వాత ఇంకో ట్యూబు తీసింది. ఇంకో ముక్క ప్లాస్టరు చింపింది. ఆ ప్లాస్టరు మీద గంగాధరప్ప అని రాసి, మంచం వైపు తిరిగింది. గర్భిణుల క్యాంపులో వరుసగా వచ్చే ఆడవాళ్లతో ఎట్లా మాట్లాడుతుందో అట్లాగే, గొంతు పెంచకుండా, తగ్గించకుండా అడిగింది.

“మామా, మీది గూడా తియ్యాల. ఆలుమగలు ఇద్దరికీ చూడాల్సిందే. చొక్కా చెయ్యి కొంచెం పైకి మడచండి.”

గంగాధరప్ప ఆమె చేతిలోని ఖాళీ ట్యూబును చూశాడు. దాని మీది పేరును చూశాడు. కుడిచెయ్యి ఎడమచేతి గుండీ దాకా పోయి, కాసేపు అక్కడే ఉండి, తొడ మీదకు దిగింది. భార్య ముఖం వైపు చూశాడు. కదిరమ్మ మోచేతి మడతలో దూది అదుముకుంటూ ఆయననే చూస్తోంది. కోపంగా కాదు, ఎవరో కొత్తమనిషి ఇంటికొస్తే ఎవరా అని చూసినట్టు. కోడలు చూస్తోంది. కొడుకు చూస్తోంది.

ఆయన లేచాడు. గుమ్మంలో ఉన్న సందీప్ పక్కకు జరిగి దారి ఇచ్చాడు. తెల్లబట్టల మనిషి తల వంచి, ఆ దారిన ఇంట్లోంచి వెళ్లిపోయాడు.